పాత యంత్రము – క్రొత్త భాగములు

ఇంటిలోని కంప్యూటరు మందగించినది. మీట నొక్కిన తరువాత తెర వెలుగుటకు నిమిషములు పట్టుచున్నది. అప్పుడు గృహస్థుని ఎదుట రెండు మార్గములు నిలుచును. లోపలి భాగములలో ఒకటి రెండింటిని మార్చి ఆ యంత్రమునే మరికొంత కాలము నడుపుకొనుట ఒకటి. దానిని వదలి క్రొత్తదానిని కొనుట మరియొకటి. ఇది ఏ ఇంటికి ఆ ఇంటి సొంత విషయమువలె కనబడును. కాని దీని వెనుక ఏబది సంవత్సరముల చరిత్ర కలదు. పెట్టెను విప్పుటకు వీలుగా చేయవలెనా, మూసివేయవలెనా అని తయారీదారులు తీసికొనిన నిర్ణయములే మన నిర్ణయమునకు హద్దులు గీయుచు వచ్చినవి. ఆ చరిత్రను ఒకపరి తిరుగవేయుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఇంటి యంత్రములన్నిటి విషయమునను ఈ సందేహము ఒకే తీరున కలుగదు. వాల్వుల రేడియో కాలములో వాల్వు మాడిపోయినచో మరియొక వాల్వు తెచ్చి పెట్టెడివారు. సెట్టు పూర్వమువలె పాడెడిది. పూర్వము కంటె బాగుగా పాడునని ఎవరును ఆశించియుండలేదు. అది మరమ్మతు. కంప్యూటరు సంగతి వేరు. దానిలో ఏ భాగమును చెడకపోయినను యంత్రము పాతబడును; చెడని భాగమునే తీసివేసి, అంతకంటె శక్తిగల భాగమును అచట అమర్చవచ్చును. అంగళ్ళలో దీనినే అప్‌గ్రేడు అనుచున్నారు. చెడనిదానిని మార్చుటకు డబ్బు వెచ్చించుట అనునది గృహస్థునకు క్రొత్త సమస్య. అతని తాతతండ్రుల అనుభవములో దీనికి పోలిక దొరకదు.

1975 జనవరిలో అమెరికాలోని ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము బొమ్మ వెలువడెను. న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ నగరమునందు ఒక చిన్న సంస్థ దానిని విడిభాగముల పొట్లముగా అమ్మెను; కొనినవారే టంకము పెట్టి అతికించుకొనవలెను. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలకపై మీటలును, ఎఱ్ఱని చిన్న దీపములును మాత్రమే కలవు. మెమరీ 256 బైట్లు. నేడు వాడుకలోనున్న పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును గనుక, ఎనుబది యయిదు సంకేతములతో ఆ మెమరీ నిండిపోవును. ఈ ప్రసంగములోని పొడవైన వాక్యము ఒక్కటియు దానిలో ఇముడదు. అయినను ఆ పెట్టెలోపల నూరు తీగల వరుస యొకటి వేసి, దానిపై క్రొత్త కార్డులను గ్రుచ్చుకొనుటకు స్లాట్లు అమర్చిరి. కొద్ది నెలలలోనే ఇతర సంస్థలు ఆ స్లాట్లకు సరిపోవు మెమరీ కార్డులను తయారుచేసి అమ్మసాగెను. ఇంటి కంప్యూటరు పుట్టుటయే అసంపూర్ణముగా పుట్టినది. పూర్తిచేయు పని కొనినవానికి వదలివేయబడినది.

రెండు సంవత్సరముల తరువాత, 1977లో, ఆపిల్ 2 వచ్చెను. దానిని రూపొందించిన స్టీవ్ వోజ్నియాక్ ఎనిమిది స్లాట్లు ఉండవలెననెను. అతని భాగస్వామి స్టీవ్ జాబ్స్ రెండు చాలుననెను: ప్రింటరునకు ఒకటి, మోడెమునకు ఒకటి. సామాన్యునకు అంతకు మించి ఏమి కావలెనని జాబ్స్ వాదము. వోజ్నియాక్ పట్టు విడువలేదు, ఎనిమిదియు నిలిచెను. ఈ చిన్న తగవు ఎంత పెద్ద పరిణామమునకు మూలమైనదో ఆనాడు ఎవరును ఊహించియుండరు. 1,298 డాలర్లిచ్చి 4 కిలోబైట్ల యంత్రమును కొనినవారు అదే పెట్టెలో దానిని 48 కిలోబైట్లకు పెంచుకొనగలిగిరి. 1980లో మైక్రోసాఫ్టు సంస్థ ఆ స్లాట్లలో గ్రుచ్చుటకు ఒక కార్డు అమ్మెను. దానిమీద వేరొక జాతి ప్రాసెసరే యుండెను. దానితో ఆపిల్ పెట్టె అంతవరకు తనకు పరాయివైన ప్రోగ్రాములను నడపసాగెను. ఆపిల్ 2 వంశములోని యంత్రములు 1993 వరకు అమ్ముడుపోయెను. పదునారు సంవత్సరములు! ఈ రంగములో అది దీర్ఘాయువనియే చెప్పవలెను.

జాబ్స్ తన అభిప్రాయమును మార్చుకొనలేదు. 1984 జనవరిలో వెలువడిన మెకింటాష్ యంత్రము మూసిన పెట్టె. వెల 2,495 డాలర్లు, మెమరీ 128 కిలోబైట్లు, స్లాటు ఒక్కటియు లేదు. మరలు విప్పుటకు మామూలు స్క్రూడ్రైవరు పనికిరాదు. ఆ మెమరీ చాలదని లోపలి ఇంజనీర్లకు తెలియును. వారిలో బరెల్ స్మిత్ అను నిపుణుడు మెమరీ చిప్పులను తీసి నాలుగింతలు పెద్ద చిప్పులను పెట్టినచో పనిచేయునట్లు బోర్డుపై తీగల దారిని ముందే సిద్ధము చేసియుంచెను. ఆ యేడు సెప్టెంబరులో 512 కిలోబైట్ల యంత్రము వచ్చినప్పుడు, పాతదానిని కొనినవారిలో చేతిపని తెలిసినవారు పదునారు చిప్పులను ఊడదీసి క్రొత్తవాటిని టంకముతో అతికించుకొనిరి. తయారీదారు మూసిన తలుపునకు అతని కొలువులోనివాడే గడియ సడలించి పెట్టుట ఈ చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము.

ఇక ఐ.బి.ఎమ్. వారి పి.సి. సంగతి. 1981 ఆగస్టు 12న వెలువడిన ఈ యంత్రములో అయిదు స్లాట్లు కలవు. దాని నిర్మాణ వివరములను సంస్థయే ప్రచురించెను. నేడు ప్రపంచమంతట బల్లలమీదనున్న కంప్యూటర్లలో అధిక భాగము దీని సంతతియే. కాని విప్పుటకు వీలున్నంత మాత్రమున మార్పు సులభము కాదని మొదట నేర్పినదియు ఇదియే. ఈ పి.సి.లో ఫ్లాపీలే తప్ప హార్డు డిస్కు లేదు. 1983లో వచ్చిన ఎక్స్.టి. అను మరియొక నమూనాలో 10 మెగాబైట్ల హార్డు డిస్కు కలదు. దానిని చూచి పాత పి.సి. గలవారు తమకును అట్టి డిస్కు కావలెననుకొనిరి. పాత యంత్రములోని విద్యుత్ పెట్టె, అనగా మన అంగళ్ళలో ఎస్.ఎమ్.పి.ఎస్. అనునది, 63.5 వాట్లు మాత్రమే ఇచ్చును. డిస్కు తిరుగుటకు అది చాలదు. కావున దానిని మార్చవలెను. అంతటితోనైనను ఆగదు. 1982 అక్టోబరునకు పూర్వపు యంత్రములలో, ఆరంభమున యంత్రమును మేలుకొలుపు చిప్పు హార్డు డిస్కు కార్డును గుర్తింపజాలదు. ఆ చిప్పును గూడ మార్చవలెను. ఒక కోరిక తీరుటకు మూడు ఖర్చులు. నేటికిని ఈ తీరు మారలేదు. క్రొత్త ప్రాసెసరు కొనినచో పాత మదర్‌బోర్డు పనికిరాదు; బోర్డు మార్చినచో పాత మెమరీ దానికి సరిపడదు. చివరకు పాత యంత్రములో మిగులునది క్యాబినెట్టు ఒక్కటే.

ప్రాసెసర్లు ఇంత వేగముగా పెరుగుటకు కారణము సుప్రసిద్ధము. చిప్పుమీద ఇముడు అంగముల సంఖ్య ఏటేట రెట్టింపగునని గోర్డన్ మూర్ 1965లో వ్రాసెను. 1975లో దానిని రెండేండ్లకొకసారి అని సవరించుకొనెను. 286 చిప్పుతో ఐ.బి.ఎమ్. వారి ఏ.టి. యంత్రము 1984లో వచ్చెను; 386 చిప్పుతో కాంపాక్ వారి యంత్రము 1986లో వచ్చెను. అయితే జనము 286తోనే తృప్తిపడియుండిరి. 1989లో ఇంటెల్ సంస్థ తాను స్వయముగా రూపొందించిన 286 అంకెమీదనే ఎఱ్ఱరంగుతో అడ్డముగా కొట్టివేత గుర్తు వేసి ప్రకటనలు పెట్టెను. తన బిడ్డను తానే నిందించుట వింతగా తోచును గాని, దానికొక కారణము కలదు. 286ను ఇతర సంస్థలును అనుమతి పొంది తయారుచేయుచుండెను. 386ను ఇంటెల్ అట్లు ఇతరులకు విరివిగా ఇవ్వలేదు. క్రొత్త ఒక వింత, పాత ఒక రోత అని మనవారు లోకస్వభావముగా చెప్పిరి. ఆ రోతను పనిగట్టుకొని కలిగింపవచ్చునని ఆ ప్రకటనలు నిరూపించెను. అప్పటినుండి గృహస్థుడు తన యంత్రము పాతదని యంత్రమును చూచి గాక, ప్రకటనలను చూచి తెలిసికొనుట మొదలయ్యెను.

అదే ఇంటెల్ 1992లో ఓవర్‌డ్రైవ్ అను చిప్పులను అమ్మజొచ్చెను. పాత 486 యంత్రములో దీనిని గ్రుచ్చినచో వేగము పెరుగును. ముందుముందు పెంటియము తరగతి ఓవర్‌డ్రైవ్ గూడ వచ్చునని ఆశపెట్టి, దానికి సరిపడు సాకెట్టుగల బోర్డులను అమ్మిరి. ఆ చిప్పు చేతికి అందునప్పటికి 1995 వచ్చినది. అప్పటికి అసలు పెంటియము యంత్రములే అంగళ్ళలో నిండియున్నవి. పైగా ఆ చిప్పును పెట్టినను చుట్టునున్న బోర్డు, డిస్కు పాతవే. చెరువు ఎంత పెద్దదైనను తూము సన్ననిదైనచో పొలమునకు నీరు తూము కొలదియే పారును. అప్‌గ్రేడు శాస్త్రమంతయు ఆ తూము ఎచట నున్నదో కనుగొనుటలో నున్నది. ఒక కాలమున అది మెమరీ, ఒక కాలమున ప్రాసెసరు, మరియొక కాలమున డిస్కు. తూమును వదలి చెరువును త్రవ్వినవారి డబ్బు వృథాయైనది.

మన దేశములో ఈ కథ ఆలస్యముగా మొదలైనది. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వము ప్రకటించిన కంప్యూటరు విధానము దిగుమతి కట్టుబాట్లను సడలించెను. అయినను మధ్యతరగతి ఇండ్లలో కంప్యూటరు కాలుపెట్టునప్పటికి 1990ల ఉత్తరార్ధము వచ్చినది. అదియు పేరుగల సంస్థ పెట్టెగా గాక, అంగడిలో కూర్చిన యంత్రముగానే తరచు వచ్చినది. ఢిల్లీలో నెహ్రూ ప్లేసు, చెన్నైలో రిచీ వీధి, మనకు సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇట్టి అంగళ్ళకు ప్రసిద్ధి. ప్రాసెసరు ఇది, బోర్డు అది, మెమరీ ఇంత, డిస్కు అంత అని కాగితముపై వ్రాయించుకొని, నాలుగు కొట్లలో ధరలు విచారించి, కొడుకు చదువు కొరకని కొనెడివారు. అసెంబుల్డు యంత్రమునకు పేరులేకపోయినను ఒక గొప్ప గుణము కలదు: మరల విప్పుటకు జంకు ఉండదు. రెండేండ్ల తరువాత అదే కొట్టునకు తీసికొనిపోయి, పాత ర్యామును బేరములో ఇచ్చివేసి, క్రొత్తది వేయించుకొని వచ్చెడివారు. అమెరికాలో అభిరుచిగలవారి వినోదముగా మొదలైన అప్‌గ్రేడు మన యొద్ద పొదుపరి గృహస్థుని యుక్తిగా స్థిరపడినది. 1997లో మన దేశము చేరిన అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి కంప్యూటర్లపై దిగుమతి సుంకము 2005 నాటికి పూర్తిగా తొలగెను. అప్పుడు క్రొత్త యంత్రమునకును మరమ్మతునకును నడుమ అంతరము తగ్గసాగెను.

తెలుగు ఇండ్లకు ప్రత్యేకమైన కారణము మరియొకటి కలదు. దీనిని ఎవరును అంతగా తలంచినట్లు లేదు. యూనికోడ్ సంకేతావళిలో తెలుగు లిపి 1991లోని మొదటి కూర్పునందే చేరినది. కాని ఇంటి కంప్యూటరు ఆ సంకేతములను తెలుగుగా చూపుటకు మరి పదేండ్లు పట్టెను. విండోస్ 98 దానిని ఎఱుగదు. విండోస్ 2000 దేవనాగరికిని తమిళమునకును చోటిచ్చి తెలుగును వదలివేసెను. 2001 అక్టోబరు 25న వెలువడిన విండోస్ ఎక్స్‌పి.తో గౌతమి అను అక్షరరూపము వచ్చెను. ఒత్తులును గుణింతములును యథాస్థానమున నిలిచెను. ఎక్స్‌పి.కి కనీసము 64 మెగాబైట్ల మెమరీ కావలెను, 128 ఉండుట మేలని దానిని చేసినవారే చెప్పిరి. ప్రాసెసరు వేగము 233 మెగాహెర్ట్జులకు తగ్గరాదు. ఆనాటి ఇండ్లలో 32 మెగాబైట్ల యంత్రములు సర్వసాధారణము. అందువలన మాతృభాషను తెరపై చదువుటకే ర్యాము కొనవలసిన పరిస్థితి ఏర్పడినది. ప్రాసెసరు ఆ కొలతకు తగినదైనచో ఒక చిన్న మెమరీ పలకతో పని జరిగెను. కానిచో యంత్రమునే మార్చవలసివచ్చెను. అటుపిమ్మట గూడ అమరికలలోనికి పోయి సంక్లిష్ట లిపుల ఫైళ్ళను మూల డిస్కునుండి ఎక్కించినగాని అక్షరములు కుదురుగా కనబడెడివి కావు. మూల డిస్కు లేనివారి అవస్థను వర్ణింప పనిలేదు.

2004లో ఒక మలుపు వచ్చినది. వేగముతోపాటు వేడిమి గూడ పెరిగి అదుపు తప్పుచుండుటచేత, ఆ యేడు మే నెలలో ఇంటెల్ తాను తయారుచేయుచున్న తేజాస్ అను ప్రాసెసరును మధ్యలోనే విడిచిపెట్టెను. అప్పటినుండి వేగమును పెంచుటకు బదులు ఒకే చిప్పుపై రెండు, నాలుగు ప్రాసెసర్లను కూర్చుట మొదలయ్యెను. లేఖలు వ్రాయుటకు, లెక్కలు వేయుటకు, వార్తలు చదువుటకు ఈ అదనపు ప్రాసెసర్ల వలన కలుగు లాభము స్వల్పము. ఫలితముగా ఇంటి కంప్యూటరు పాతబడుట నెమ్మదించెను. 1990లలో మూడేండ్ల యంత్రము ముసలిదైనచో, 2010ల నాటికి ఎనిమిదేండ్ల యంత్రము గూడ పనికి నిలుచుచుండెను.

అప్పుడు తూము డిస్కు దగ్గర నున్నది. నిమిషమునకు 7,200 సార్లు తిరుగు హార్డు డిస్కులో కోరిన చోటికి ముల్లు చేరుటకు పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు పట్టును. తిరుగుడులేని ఎస్.ఎస్.డి.కి మిల్లీసెకనులో పదవ వంతు చాలును. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎమ్ వంటివి వచ్చినప్పుడు వాటి వెల మిక్కిలి హెచ్చు. తరువాత క్రమముగా దిగివచ్చెను. మా అభిప్రాయములో ఈ చరిత్ర మొత్తములో ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని పాత యంత్రములకు ప్రాణము పోసిన భాగము మరియొకటి లేదు. మెమరీ కొరతయు, ప్రాసెసరు లోపమును అని మనము తలంచుచున్న మందకొడితనము చాలవరకు డిస్కుదేనని ఎస్.ఎస్.డి. పెట్టిన మరుక్షణమున తేటపడెను.

ఇట్లు అప్‌గ్రేడునకు మంచి రోజులు వచ్చిన సమయముననే పెట్టె మరల మూసికొనసాగెను. ల్యాప్‌టాపు సన్నబడుటయే దీనికి ఒక కారణము. 2008లోని మాక్‌బుక్ ఎయిర్‌లో మెమరీని బోర్డునకే టంకము వేసిరి. 2012లో రెటీనా తెరతో వచ్చిన మాక్‌బుక్ ప్రోలో మెమరీకి టంకము, బ్యాటరీకి జిగురు. ఇతరులును క్రమముగా ఆ మార్గమునే పట్టిరి. 1977లో ఓడిన జాబ్స్ వాదము ముప్పది యయిదేండ్లకు గెలిచినదనవచ్చును. దీనికి ఎదురుగాలి గూడ లేకపోలేదు. మరమ్మతునకు ఎంత అనువో తెలుపు అంకెను కొనువారికి కనబడునట్లు చూపవలెనని 2021 జనవరినుండి ఫ్రాన్సు దేశము శాసించెను. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కొరకు ఒక పోర్టలును తెరచెను.

పెట్టె విప్పుటకు వీలున్నను ప్రయోజనములేని పరిస్థితి ఒకటి 2021లో దాపురించెను. ఆ అక్టోబరులో వెలువడిన విండోస్ 11, కొద్ది మినహాయింపులతో, 2017 తరువాతి ప్రాసెసర్లనే అంగీకరించును, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతా చిప్పు ఉండవలెనని కోరును. మెమరీ 16 గిగాబైట్లున్నను, ఎస్.ఎస్.డి. పెట్టియున్నను, 2015 నాటి ప్రాసెసరుకు ప్రవేశము లేదు. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. గృహస్థులకు మరియొక సంవత్సరము, అనగా 2026 అక్టోబరు 13 వరకు, ప్రత్యేకముగా నమోదు చేసికొనినవారికి పొడిగింపు ప్రకటించిరి. భద్రత అవసరమే. దొంగల బెడద పెరిగిన మాట నిజము. కాని బల్లమీద చక్కగా పనిచేయుచున్న యంత్రమునకు ముసలితనము ఒక ప్రకటనతో ఆరోపింపబడుట సామాన్య విషయము కాదు. 1989లో ఎఱ్ఱ గుర్తును చూచి నవ్వి ఊరకుండు స్వేచ్ఛ గృహస్థునకు ఉండెను. ఇప్పుడు ఊరకుండినచో ఇల్లు తాళములేనిదగును.

మూడవ మార్గము ఒకటి కలదు. ఫిన్లండులో విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన 386 యంత్రముపై వ్రాయ నారంభించిన లినక్స్ ఉచితము. విండోస్ త్రోసివేసిన యంత్రములలో అది పెక్కింటిపై హాయిగా నడచుచున్నది. తెలుగును చక్కగా చూపును. అదియు శాశ్వతమైన శరణ్యము కాదు సుమా! తాను పుట్టిన 386 చిప్పునే లినక్స్ 2012 డిసెంబరులో విడిచిపెట్టెను. అయితే ఇరువది యొక్క సంవత్సరములు మోసిన తరువాత విడిచినది.

క్రొత్తదానిని కొనుటలో గృహస్థుడు చెల్లించు వెల ఒక్కటే లెక్క కాదు. ఐక్యరాజ్య సమితి విశ్వవిద్యాలయము 2004లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఒక బల్లమీది కంప్యూటరును తెరతో సహా తయారుచేయుటకు కనీసము 240 కిలోల ఇంధనము, 22 కిలోల రసాయనములు, 1,500 కిలోల నీరు వ్యయమగును. కారునకో, ఫ్రిజ్‌కో జీవితకాలములో పట్టు శక్తిలో అధిక భాగము వాడుకలో పోవును. కంప్యూటరునకు మాత్రము అయిదింట నాలుగు వంతులు అది ఇంటికి రాకముందే వ్యయమైపోవును. పాతదానిని పారవేసినచో అది ఎచటికి పోవుననునది వేరొక చింత. 2022లో ప్రపంచమున పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. దానిలో సక్రమముగా సేకరించి శుద్ధి చేసినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22.3 వంతులు మాత్రమే. మన దేశములో దీనికై ప్రత్యేక నిబంధనలు 2012 మే 1నుండి అమలులోనికి వచ్చినవి. అయినను తీగలను కాల్చి రాగిని, బోర్డులను ఆమ్లములో ముంచి బంగారమును రాబట్టు పని ఢిల్లీలోని సీలంపూరు వంటి చోట్ల చిన్న చిన్న గదులలో సాగినది.

మెమరీ వెల మాత్రము ఎన్నడును నమ్మదగినది కాదు. 1993 జూలైలో జపానులోని నీహామా పట్టణమున సుమిటోమో వారి రసాయన కర్మాగారము ప్రేలినది. చిప్పులను పొదుగు జిగురు అచటనే అధికముగా తయారగుచుండుటచేత, ఎక్కడో జరిగిన ప్రమాదమునకు ప్రపంచమంతట ర్యాము ధర ఎగసెను. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధా కేంద్రములు చిప్పులను మూటలుగా కొనుచుండుటచేత మరల అదే జరిగెను. డిసెంబరులో మైక్రాన్ సంస్థ, సామాన్య గ్రాహకులకు తాను అమ్ముచున్న క్రూషియల్ అను సరుకును విరమించుచున్నట్లు ప్రకటించెను. ఇట్టి సమయమున పాత యంత్రములోని మెమరీ పలకలను తుక్కుగా భావించుట తెలివి కాదు. హార్డు డిస్కుతో నడచుచున్న యంత్రమైనచో ముందు ఎస్.ఎస్.డి. పెట్టించి చూడదగును. ప్రాసెసరు, బోర్డు, మెమరీ మూడును ఒకేసారి మార్చవలసివచ్చినచో క్రొత్తదానికే మొగ్గు. ఏ దారి పట్టినను, పెట్టె ఇంటి గడప దాటకముందే పాత డిస్కును విప్పి తీసికొనవలెను. చిన్న ఒరలో అమర్చి తీగతో తగిలించినచో క్రొత్త యంత్రముపై అది తెరచుకొనును. పిల్లల ఛాయాచిత్రములు, ఇంటి లెక్కలు, ఎన్నడో వ్రాసి మరచిన ఉత్తరములు అన్నియు అందులోనే యుండును.